మైకు ముందు దూదేకే విల్లు

నేను ఒక దూదేకే విల్లును. విల్లు అనగానే మీకు రాముడో అర్జునుడో గుర్తొస్తారు. నా దగ్గర బాణాలు లేవు. మనిషంత పొడవు కర్ర, ఒక కొసన చెక్క రెక్క, ఈ కొస నుంచి ఆ కొసకు గొర్రె పేగుతో పేనిన నరం, అంతే నేను. గూటంతో ఆ నరాన్ని కొడితే ‘టంయ్’ మంటాను. పరుపులో ఏళ్ల తరబడి అణిగి గడ్డకట్టిన దూది కూడా నా దెబ్బకు పొంగి పైకి లేస్తుంది. నా యుద్ధాలన్నీ ఆ గడ్డలతోనే.

నంద్యాల దగ్గర ఒక పల్లెలో మౌనాచారి అనే వడ్రంగి నన్ను చెక్కాడు. బండి నొగకు తెచ్చిన కర్రలో మిగిలిన ముక్కను నేను. పని పూర్తయ్యాక ఆచారి నాకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఇంటికి తీసుకుపోయిన హుసేనయ్య బెల్లం పెట్టి ఫాతెహా ఇప్పించాడు. ఆ రెండు దీవెనలూ నా ఒంటి మీద ఏనాడూ పోట్లాడుకోలేదు.

హుసేనయ్యది దూదేకుల ఇల్లు. వాళ్లు ముస్లిములే, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. హుసేనయ్య భుజాన నేను చూడని ఇల్లు లేదు. పెళ్లి పరుపులు, బాలింత బొంతలు, మసీదు ఇమాముగారి దిండు, గుడి పూజారిగారి దిండు, అన్నిటి దూదినీ ఏకాను. దిండ్లలో మనుషులు దాచేవి చూస్తే నవ్వొస్తుంది. ఒకసారి పదో తరగతి మార్కుల కాగితం బయటపడింది. అది దాచినవాడు అప్పటికి ఇద్దరు పిల్లల తండ్రి!

తరవాత స్పాంజి పరుపులు వచ్చాయి. హుసేనయ్య కొడుకు మౌలాలే వాటిని ఆటోలో వేసుకుని ఊరూరా అమ్మాడు. నా శత్రువు రోజూ మా ఇంట్లోనే అన్నం తినేవాడన్నమాట. నన్ను అటకెక్కించారు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాను. ఎలుకలు నా నరం రుచి చూశాయి.

మౌలాలి కూతురు దస్తగిరమ్మ తొమ్మిదో తరగతి. చాలా సిగ్గరి. హాజరు పలికేటప్పుడు కూడా పక్కపిల్లకే వినపడేలా పలుకుతుందట. అలాంటి పిల్ల ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి తాత పక్కన కూలబడింది. మన ఊరి ముస్లిముల సంప్రదాయాలను శనివారం బడిలో పండగలా చేసుకుందామని, ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి మైకులో మాట్లాడాలని షాహిదా టీచర్ చెప్పిందట.

“మా తరగతి రిజ్వానా అత్తరు పెట్టె తెస్తాదంట తాతా. ఉర్దూలో పాట గూడా పాడతాదంట. ‘నీకు సలాం తప్ప ఇంకో ముక్క రాదు గదే, ఏం మాట్లాడతావు?’ అనింది. అందరూ నవ్వినారు.” తలెత్తి అడిగింది: “తాతా, మనం నిజంగా ముస్లిములమేనా?”

“రంజాన్లో రోజాలుండేదెవురు మ్మే? నమాజుకు పోయేదెవురు?” అన్నాడు హుసేనయ్య. “ఏం, అల్లాకు తెలుగు రాదనుకున్నారా మీ బళ్లో?”

పిల్ల నవ్వలేదు. ముసలాయన నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. నన్ను దించి, బూజు దులిపి, కొత్త నరం బిగించాడు. శనివారానికి మిగిలిన రెండు రోజులూ పెరట్లో ఆమె చెయ్యి పట్టుకుని కొట్టడం నేర్పాడు.  చెయ్యి త్వరగానే కుదిరింది. కుదరనిదల్లా గొంతే.

శనివారం బడి అత్తరు వాసనతో, సేమ్యా పాయసం వాసనతో ఘుమఘుమలాడింది. ఆడపిల్లలందరి చేతులకూ గోరింటాకే. రిజ్వానా పాట నిజంగానే బాగుంది. ఆ తరవాత దస్తగిరమ్మ వంతు. నన్ను మోసుకుని వేదిక ఎక్కింది. చేతిలో ఉపన్యాసం రాసుకొచ్చిన కాగితం. మైకు ముందు నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో కిసకిసలు మొదలయ్యాయి. ఆమె అరచేతి చెమట నా ఒంటికి తెలుస్తోంది. ఇప్పుడు దిగిపోతే ఈ పిల్ల ఇంకెన్నడూ నలుగురిలో నోరు విప్పదని నాకు భయం పట్టుకుంది.

“పోనీ, మోగించి చూపించమ్మా,” అంది షాహిదా టీచర్ మెల్లగా.

కొట్టింది. టంయ్... టంయ్... టంయ్... మిద్దె మీది మైకు గొట్టాలు ఆ మోతను ఊరంతటికీ వినిపించాయి.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. హుసేనయ్య వీధిలో ఏనాడూ కేక వేసేవాడు కాదు. నన్ను మీటుకుంటూ నడిచేవాడు. అది వింటే చాలు, ఆడవాళ్లు పరుపులు బయటికి ఈడ్చేవాళ్లు. చెవులు అంత త్వరగా మరిచిపోవు. పిల్ల ఇంకా కొడుతుండగానే బడి గేటు దగ్గర కలకలం! తలమీద పరుపుతో పై వీధి ఓబుళమ్మ ముందు, వెనకాల పరుపులు, దిండ్లు మోస్తూ ఇంకో పది మంది.

“ఏందమ్మా ఇది? బడి అనుకున్నారా, సత్రం అనుకున్నారా?” అన్నాడు హెడ్‌మాస్టర్.

“దూదేకులాయన వచ్చినట్టుందే సార్!” అంటూ ఓబుళమ్మ నేరుగా వేదిక దగ్గరికి వచ్చి పరుపు దించింది. “నువ్వెవురి పిల్లవు మ్మే?”

“హుసేనయ్య మనమరాల్ని, అవ్వా.”

“ఇది రాళ్లమూట మాదిరి అయిపాయ. మల్లా మెత్తగయితాదా?”

“అయితాదవ్వా. ముందు విప్పి ఎండబెట్టల్ల...” అని మొదలుపెట్టింది. తడి దూదిని ఎందుకు ఏకకూడదో చెప్పింది. నరం ఎలా పేనుతారో చెప్పింది. ఒకామె, “మీరు సాయిబులే గదా, తెలుగు మాట్లాడతారేం?” అని అడిగితే, “అల్లాను వేడుకునే దువా గూడా మాకు తెలుగులోనే పెద్దమ్మా. దూది ఏకినోళ్లం, ఈ ఊరోళ్లం,” అంది. కాగితం ఎప్పుడో కిందపడింది. కిసకిసలు ఆగాయి. రిజ్వానా వేదికెక్కి, “గిరీ, నేనొకసారి కొడతా!” అంటూ గూటం లాక్కుంది. అపస్వరమే పలికాను కానీ, ఏమీ అనుకోలేదు.

ఇదంతా మైకు ముందే జరిగిందని దస్తగిరమ్మకు తెలియదు.

గడియారం చూసుకుంటూ హెడ్‌మాస్టర్ అడిగాడు. “టీచర్, ఈ అమ్మాయి ఉపన్యాసం ఎప్పుడు?”

“అయిపోయింది సార్. ఇరవై నిమిషాలు మాట్లాడింది,” అంది షాహిదా టీచర్.

చప్పట్లు మోగాయి. పిల్ల అప్పుడు మైకును చూసి, గబుక్కున నా వెనక దాక్కుంది. నా వెనక ఏం దాగుతుంది, నేనే కర్రముక్కను!

హెడ్‌మాస్టర్ నన్ను ఆ కొస నుంచి ఈ కొసదాకా నిమిరి మెచ్చుకున్నాడు. “ఇంత గొప్ప వస్తువు అటక మీద ఉండకూడదు. అద్దాల బీరువా చేయించి బడిలో పెడదాం,” అన్నాడు.

నాకు గుండె ఉంటే ఆగిపోయేది. అటకకూ అద్దాల బీరువాకూ తేడా ఏముంది, వెలుతురు తప్ప?

దస్తగిరమ్మ నా వెనక నుంచి బయటికి వచ్చింది. ఈసారి తెలిసే మైకు ముందు నిలబడింది.

“ఇప్పుడు గాదు సార్,” అంది. “పదకొండు పరుపులుండాయి.”