చేటబియ్యం

ఆ రోజు పొద్దున్న రికవరీ కంపెనీ జీపు రెండు గడపలకు వెళ్లింది. మొదటి గడపకు మిఠాయి పెట్టెతో, రెండో గడపకు డప్పుతో. అప్పిచ్చిన బ్యాంకు ఒకటే, ఇద్దరినీ ముంచిన తుఫానూ ఒకటే. మరి ఈ తేడా ఏమిటని అడగాలని సన్యాసిరావుకు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడగలేదు. డప్పు అతని ఒళ్లోనే ఉంది మరి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

మొదటి గడప అంకులిలో రొయ్యల సాహుకారు మేడ. ఫైలిన్ తుఫానుకు చెరువులు కొట్టుకుపోయాయని ఆయన అప్పులో ముప్పాతిక వంతు బ్యాంకు వదిలేసింది. దానికి సెటిల్‌మెంటు అని పేరు పెట్టారు. కంపెనీ మేనేజరు పాఢి బాబు గేటు దగ్గరే జోళ్లు విడిచి, మిఠాయి పెట్టె రెండు చేతులా పట్టుకుని లోపలికి వెళ్లాడు. సాహుకారు కాఫీ ఇప్పించాడు. కొత్తగా తవ్విస్తున్న చెరువుల కబుర్లు చెప్పాడు. సన్యాసిరావు గేటు బయట నిలబడి అంతా చూశాడు.

రెండో గడప సోనేపూర్‌లో. బెస్తవాళ్ల ఇల్లు.

సన్యాసిరావుది పాత్రపూర్. బరంపురంలో ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ చదివాడు. చదువు బ్యాంకు అప్పు మీద నడిచింది. పట్టా వచ్చాక భువనేశ్వర్ నుంచి విశాఖపట్నం దాకా గుమ్మం గుమ్మం తిరిగాడు. చివరికి ఈ రికవరీ కంపెనీ పిలిచింది. ఇక్కడ పనిచేసినన్నాళ్లూ అతని అప్పు మీద వడ్డీ ఆపిస్తామంది. మానేసిన రోజున అందరి ఇళ్లకూ వెళ్లే జీపు అతని ఇంటికీ వెళ్తుందని కూడా చెప్పింది. అప్పులో మునిగినవాడి చేతే అప్పులు వసూలు చేయించడం కంపెనీ వాళ్లు కనిపెట్టిన గొప్ప తెలివి.

నోటీసులకు సిగ్గుపడని వాళ్లు డప్పుకు సిగ్గుపడతారని పాఢి బాబు లెక్క. పాత్రపూర్ డప్పులవాళ్ల వీధికి కబురు పెట్టాడు. అక్కడ అసిరయ్య అనే ముసలాయన కబురు తెచ్చినవాడికి నిలబెట్టి చెప్పాడట.

"పెళ్లికి కొడతాను, సావుకి కొడతాను, అమ్మోరి పండక్కి కొడతాను. అప్పుకి మాత్రం కొట్టను. మా తాత కొట్టనేదు, నానూ కొట్టను. ఎల్లెల్లు."

ఆ మాట ఆఫీసులో చెప్పుకుని అందరూ నవ్వారు. సన్యాసిరావూ నవ్వాడు. ఆ అసిరయ్య తన అయ్య అని చెప్పలేదు. కాలేజీలో నాలుగేళ్లూ తన తండ్రి రైల్వేలో పనిచేస్తాడనే చెప్పుకున్నాడు. ఇక్కడా అదే చెప్పాడు.

"ఎవరికైనా డప్పు వచ్చా? లేకపోతే ఈ నెల ఎవడికీ జీతం లేదు, బుఝిలు? అర్థమైందా?" అని పాఢి బాబు అరిచినప్పుడు, "కాలేజీ ఫంక్షన్లలో కొంచెం నేర్చుకున్నాను సార్" అని అన్నది కూడా సన్యాసిరావే. అయ్య పొలం వెళ్లిన వేళ చూసి, మేకుకు వేలాడుతున్న డప్పు తీసుకుని ఇంట్లోంచి దొంగలా వచ్చాడు.

సోనేపూర్‌లో జీపు దిగేసరికి సముద్రపు గాలి తేమకు డప్పు చర్మం మెత్తబడింది. పుల్ల వేస్తే పలకలేదు. నిప్పు మీద కాచాలి. సన్యాసిరావు ఇసకలో రాలిన తాటాకులు పోగుచేశాడు, అగ్గిపెట్టె లేదు. ఎదురింటి గుమ్మంలో చేపలు ఆరబెడుతున్న ఆమె అతని అవస్థ చూసి నవ్వింది.

"అమ్మోరి సాటింపా నాయినా? మా పొయ్యిలో నిప్పుంది, పట్టుకెల్లు" అంటూ కొబ్బరిపీచు మీద నిప్పు పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆమె పేరు బుల్లమ్మ. తాము వచ్చింది ఆ ఇంటికేనని పాఢి బాబు వేలు చూపించేదాకా సన్యాసిరావుకు తెలియదు. ఆమె పొయ్యి నిప్పుతోనే డప్పు కాచాడు. ఆమె గడప ముందే నిలబడ్డాడు.

డప్పు మోగింది. వలలు బాగుచేస్తున్న వాళ్లు లేచొచ్చారు. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. పాఢి బాబు చెప్పిన మాటలు సన్యాసిరావు గొంతెత్తి అరిచాడు.

"ఇందుమూలంగా ఊరందరికీ తెలియజేసేదేమంటే! కాసులు కూతురు పుణ్యవతి చదువుకని బ్యాంకు సొమ్ము తిని ఎగ్గొట్టింది! ఎగ్గొట్టిందహో!"

పేరు నోట్లోంచి వచ్చాక గానీ అతనికి వెలగలేదు. లోపలి నుంచి పుణ్యవతి బయటికి వచ్చింది. నాలుగేళ్లు ఒకే తరగతిలో చదివిన పుణ్యవతి. పరీక్షల ముందు తన నోట్సు ఇచ్చి చదివించిన పుణ్యవతి. ఆమె అతని మొహం చూసింది, చేతిలో డప్పు చూసింది.

"సన్యాసీ, నువ్వు ఇంత బాగా కొడతావని ఎప్పుడూ సెప్పనేదేటి?" అంది.

ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆమె తండ్రి కాసులు అరుగు మీంచి లేవలేదు. తుఫాను అతని పడవను తీసుకుపోయాక ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్తున్నాడు. ఊరంతా చూస్తుండగా తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. అప్పుడు బుల్లమ్మ లోపలికి వెళ్లి చేటతో తిరిగొచ్చింది. చేటలో బియ్యం, పక్కన రెండు ఎండుచేపలు.

"పట్టు నాయినా."

సన్యాసిరావు వెనక్కి జరిగాడు.

"పట్టవయ్యా. డప్పు మోగిన గడప నుంచి డప్పోడు వట్టి సేతుల్తో ఎల్లకూడదు. నువ్వు ఏటికి కొట్టావన్నది నీకు తెలుసు. పెట్టడం మా పద్దతి."

పాఢి బాబు పకపకా నవ్వాడు. "ఆరే, అప్పు కట్టడానికి లేదు గానీ దానానికి ఉందే!" అన్నాడు. ఊరు నవ్వలేదు. సన్యాసిరావు ఒళ్లో తువ్వాలు పరిచి, తల ఎత్తకుండా ఆ బియ్యం పట్టాడు. పట్టకుండా ఉండే ధైర్యమూ అతనికి లేకపోయింది.

ఇంటికి చేరేసరికి అసిరయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మేకు ఖాళీగా ఉండటం చూసే కూర్చున్నాడు. డప్పు తీసుకుని చర్మం తడిమాడు.

"ఏ గడపలో కొట్టావురా?"

సన్యాసిరావు చెప్పాడు. రైల్వే అబద్ధంతో సహా ఒక్కటీ దాచలేదు. దాచడానికి ఇంకేం మిగిలింది కనక.

"సేట పెట్టారా?"

"పెట్టారయ్యా."

"తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

ముసలాయన కొట్టలేదు, తిట్టలేదు. మూటలోని బియ్యం వైపు ఒకసారి చూశాడు. తల్లి ఆ మూటను ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఎప్పుడు చేటబియ్యం వచ్చినా నవ్వుతూ ఎసట్లో పోసే మనిషి, ఆ రోజు దూరంగా నిలబడింది.

"నాను రైల్లో పని సేత్తానని సెప్పుకున్నావు గదా. సెప్పుకో. ఆ పని మంచిదే" అన్నాడు అసిరయ్య. "కానీ ఈ ముక్క ఇను. సేట తీసుకున్నోడు ఆ గడప మనిసైపోతాడు. ఆ గడపకి కట్టమొత్తే మొదట మోగాల్సింది ఆడి డప్పే. మా అయ్య నాకు సెప్పాడు. నాను నీకు సెప్పనేదు. నువ్వు సదువుకుంతన్నావు గదా, నీకెందుకులే అనుకున్నాను. తప్పు నాదేరా."

సన్యాసిరావు సిగ్గుతో కుంగిపోయాడు. తప్పంతా తనదైతే, దాన్ని అయ్య నెత్తిన వేసుకుంటున్నాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్లలేదు. కట్టిన మూట కట్టినట్టే పట్టుకుని, డప్పు భుజాన వేసుకుని, అయ్యకు చెప్పే బయల్దేరాడు. పెట్టిన బియ్యం తిరిగివ్వకూడదని అయ్య ఒక్క మాట అన్నాడు.

సోనేపూర్ వలల పాకలో ఆ సాయంత్రం మీటింగు జరుగుతోంది. పుణ్యవతి చుట్టుపక్కల ఊళ్లలో అప్పుల మీద చదువుకున్న పిల్లలందరికీ ఫోన్లు చేసి పిలిపించింది. నర్సింగు చదివి ఇంట్లో కూర్చున్న వాళ్లు, ఐటీఐ చదివి ఇటుక బట్టీలకు వెళ్తున్న వాళ్లు. ఎంబీఏ చేసి ఆటో నడుపుతున్న దేముడు అందరికంటే ముందు లేచాడు.

"కంపెనీ కుక్క ఒచ్చిందర్రా! ఎల్లగొట్టండి!"

నలుగురు మీదికొచ్చారు. సన్యాసిరావు కదల్లేదు. మూట కింద పెట్టాడు.

"కొట్టాలనుంటే కొట్టండి. నేను కొట్టిన డప్పుకి అది తక్కువే. నాకూ బ్యాంకు అప్పుంది. ఇవాళ పని మానేశాను, రేపో మాపో మా ఇంటి ముందు కొడతారు. ఈ బియ్యం నేను తినలేను. తిరిగివ్వకూడదని మా అయ్య అన్నాడు. ఏం చేయాలో మీరే చెప్పండి."

మీదికొచ్చినవాళ్లు చేతులు దించారు. ఓ మూల నుంచి కాసులు నెమ్మదిగా అన్నాడు. "ఎవలినేటనుకుంటాం? అప్పు తిన్నాం, నిజమే గదా. సిగ్గు మనదే."

"ఏటి మనది?" పుణ్యవతి లేచి నిలబడింది. "నాలుగేళ్లు మీరు కూలాడి నన్ను కాలేజీకి పంపారు. ఉద్యోగాలు ఇప్పిస్తామని కాలేజీ వాళ్లు బోర్డులు కట్టారు. ఆ బోర్డు సూసే బ్యాంకోళ్లు సంతకాలు పెట్టించుకున్నారు. ఉద్యోగం నేదు. పడవ పోయింది. ఇందులో మనం సేసిన తప్పేటి నాన్నా?"

"మరి బాకీ?"

"కడదాం. అందరిలాగే కడదాం. రొయ్యల సాహుకారుకి ఎంత వంతు వదిలారో మాకూ అంత వదలమనండి, మిగతాది మెల్లగా కడతాం."

"సాహుకారు సంగతి నీకెవరు సెప్పారు?" అన్నాడు దేముడు.

"ఆయన చెరువుల్లో కూలికెల్లినోళ్లు సెప్పారు" అంది పుణ్యవతి.

"నేను చూశాను" అన్నాడు సన్యాసిరావు. ఇక్కడ డప్పు కొట్టించిన మేనేజరు అంకులిలో జోళ్లు విడిచి మిఠాయి ఇచ్చిన వైనం మొదటి నుంచీ చెప్పాడు. చెబుతున్న కొద్దీ అతనికే ఒళ్లు మండింది. ఎవరో దరఖాస్తు పెడదామన్నారు. ఎవరో కలెక్టర్ని కలుద్దామన్నారు. గంట సేపు అరుచుకున్నారు. చివరికి బుల్లమ్మ లేచింది.

"మీ దరకాస్తులు మీరు పెట్టుకోండర్రా. మా గడప ముందు డప్పు కొట్టించారు, మేం సేట పెట్టాం. ఇప్పుడు ఆ సాహుకారు గడప ముందు కొడదాం. ఆలు సేటలో ఏటి పెడతారో సూద్దాం."

రెండు రోజుల తర్వాత వచ్చినంతమందిని అంకులి రోడ్డు ఎప్పుడూ చూసి ఉండదు. పాత్రపూర్ నుంచి, సోనేపూర్ నుంచి, మధ్య పల్లెల నుంచి జనం వచ్చారు. ఆడవాళ్ల చేతుల్లో ఖాళీ చేటలు. సాహుకారు గేటు మూసి ఉంది. లోపల పాఢి బాబు స్కూటరు కనిపిస్తోంది. సన్యాసిరావు డప్పు కాచి, గేటుకు ఎదురుగా నిలబడ్డాడు. బరంపురంలో తనతో చదివినవాళ్లు ఆ గుంపులో ఎంతమంది ఉన్నారో అతనికి తెలుసు. వాళ్లకు తను రైల్వే గుమాస్తా కొడుకు.

డప్పు మోగించాడు. జనం సాహుకారు పేరు వినపడుతుందని చూస్తున్నారు.

"ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే! పాత్రపూర్ డప్పు అసిరయ్య కొడుకు సన్యాసిరావు! చదువుకి అప్పు చేశాడు! తీర్చలేకపోయాడహో!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పుణ్యవతి ముందుకొచ్చింది.

"సోనేపూర్ కాసులు కూతురు పుణ్యవతి! అప్పు చేసింది! తీర్చలేదహో!"

డప్పు మోగింది. దేముడు వచ్చాడు. తన పేరు, తన అయ్య పేరు, తన ఊరు చెప్పి అరిచాడు. నర్సింగు పిల్ల వచ్చింది. ఇటుక బట్టీ కుర్రాడు వచ్చాడు. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క దెబ్బ. ఊళ్లో ఏ పేరు వినబడితే చచ్చిపోవాలనిపించేదో ఆ పేరే వాళ్లు గొంతు చించుకుని అరుస్తున్నారు. వెనక కాసులు తన మొహం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు.

అందరి పేర్లూ అయ్యాక సన్యాసిరావు గేటు వైపు తిరిగాడు. "అంకులి రొయ్యల సాహుకారు! మాకంటే పెద్ద అప్పు చేశాడు! తీర్చలేదు! ఆయన గడప ముందు ఇప్పటిదాకా డప్పు మోగలేదహో!"

జనం హోరెత్తారు. ఆడవాళ్లు ఖాళీ చేటలను గేటు ఊచలకు ఆనించి పట్టుకున్నారు. "పెట్టండి! డప్పు మోగింది గదా, మీరూ పెట్టండి!" గేటు తెరుచుకోలేదు. తెరుచుకోకుండానే పోలీసు వ్యాను వచ్చింది. లాఠీ మొదట డప్పు మీద పడింది. అయ్య డప్పు. చర్మం పగిలిన చప్పుడు సన్యాసిరావు ఒంట్లో వినబడింది.

స్టేషన్‌లో ఎస్సై కాగితం ముందుకు లాక్కున్నాడు. "పేరు సరే. వృత్తి?"

అతనికి వెంటనే ఇంజినీరు అనే మాటే నోటికొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. అంత జరిగాక కూడా ఆ మాటే వచ్చినందుకు అతనికి సిగ్గేసింది.

"డప్పు కొడతాను" అన్నాడు.

"చదువుకున్నట్టున్నావు కదరా?"

"చదువుకున్నాను. డప్పు కొడతాను."

గుమ్మం దగ్గర గొడవయింది. కానిస్టేబుళ్లను తోసుకుని బుల్లమ్మ నిలబడి ఉంది, చేతిలో చేట. "మా డప్పోడు లోపలున్నాడు బాబూ. ఆడికి సేట పెట్టకుండా నానెల్లను" అంటోంది. ఎస్సై కసురుకున్నాడు. ఎవరో చేట మీద కొట్టారు. బియ్యం గుమ్మమంతా చిందింది. బుల్లమ్మ అక్కడే చతికిలబడి, ఒక్కొక్క గింజా ఏరి మళ్లీ చేటలో వేయడం మొదలుపెట్టింది. ఆమె పక్కన ఇంకో ఆమె కూర్చుంది. ఆ వెనక ఇంకొందరు. స్టేషన్ గుమ్మం దాటి ఎవరూ నడవడానికి వీల్లేకపోయింది.

సన్యాసిరావు వాళ్ల వైపు చూడలేక తల వంచుకున్నాడు. అంతలో గోడ అవతల నుంచి గడ్డి కాలుతున్న వాసన వచ్చింది. ఆ వాసన అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కిటికీలోంచి చూశాడు. రోడ్డు మీద మంట చుట్టూ డప్పులవాళ్ల వీధి వీధంతా కూర్చుని ఉంది. మధ్యలో అసిరయ్య ఎవరిదో అడిగి తెచ్చుకున్న డప్పును మంటకు తిప్పి తిప్పి కాస్తున్నాడు.