‘దాన్ని’ అంటే దేన్ని?

ఆ ఇంట్లో సముద్రాన్ని పెట్టింది ఆయన, మోసేది ఆవిడ. ఆదివారం పొద్దున్నే ఫిల్టరు నీళ్ళు రెండు బకెట్లు పట్టి, సంచిలోంచి ఉప్పు కొలిచి పోసి, తేటపడేదాకా గరిటెతో తిప్పి, నడుం మీద చెయ్యేసుకుని హాల్లోకి మోసుకొచ్చి, అద్దాల తొట్టెలోని పాతనీళ్ళు తోడి కొత్తవి పోస్తుంది. ఎనిమిదేళ్ళలో ఆవిడ మోసిన నీళ్ళన్నీ ఒకచోట చేరిస్తే వాటి మీద ఓడలు తిరిగేవి, రేవు కట్టాల్సొచ్చేది, ఆ రేవుకి రిబ్బను కత్తిరించడానికి మళ్ళీ ఆయనే ఇస్త్రీ చొక్కా అడిగేవాడు. చుట్టాలొస్తే “నా అక్వేరియం” అని చూపిస్తాడు. ఆ సమయానికి ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతూ ఉంటుంది.

ఆ తొట్టెలో అందరికన్నా ముందు దిగింది బొటనవేలంత నీలం చేప. ఆయన దానికి ‘కలెక్టరు’ అని పేరు పెట్టాడు. కొత్తగా ఏ చేప వచ్చినా, రాళ్ళన్నీ తన తాతగారి ఆస్తి అన్నట్టు కలెక్టరుగారు వెంటపడి తరిమేవారు. “చూశావా, ఎంత దర్జానో!” అని ఆయన మురిసిపోయేవాడు. తోకలు చిరిగిన చేపల్ని సంచిలో వేసుకుని దుకాణంలో తిరిగి ఇచ్చి రావడం మాత్రం ఆవిడ పని.

ఈసారి ఆవిడ ఒక చేపని అడిగింది. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో దేన్నయినా “అది కావాలి” అని వేలు పెట్టి చూపించడం అదే మొదలు. పసుపుపచ్చటి చేప, మెతక మొహం. ఇసుకలో చిన్న గుంట చేసుకుని, తల మాత్రం బయటపెట్టి, వంటింటి గుమ్మం వైపే చూసేది. తనకోసమే చూస్తోందని ఆవిడ నమ్మకం. అలా నమ్మితే పోయేదేముంది?

మూడోరోజుకల్లా కలెక్టరుగారు దాని రెక్క కొరికేశారు. ఆవిడ ఆఫీసు నుంచి చేపల దుకాణానికి ఫోన్ చేసింది.

“దాన్ని ఓ నాలుగు రోజులు చిల్లుల డబ్బాలో పెట్టి, తొట్టెలోనే వేలాడదీయండమ్మా. ఈలోగా రాళ్ళు అటూ ఇటూ మార్చి సర్దండి,” అన్నాడు దుకాణదారు. ఎవరో బేరానికొచ్చారు కాబోలు, ఫోన్ పెట్టేశాడు.

‘దాన్ని’ అంటే దేన్ని అని అడగాలని ఆవిడకి తట్టనేలేదు. ఎలా తడుతుంది? కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆయన కోపంతో గిన్నెలు ఎత్తి విసిరేస్తుంటే, అత్తగారు ఆయన్ని ఒక్క మాటా అనకుండా, “వాడు చల్లబడేదాకా నువ్వా గదిలో కూచోవే అమ్మాయ్,” అంది. ఇస్త్రీ బట్టల గది అప్పటినుంచీ ఆవిడ గదైపోయింది. ఆఫీసులో పక్కసీటాయన మీద మీదకొచ్చి అరుస్తున్నాడని చెబితే, పై అధికారి ఎంతో దయగా ఆవిడ బల్లనే ఫైళ్ళ గదిలోకి మార్పించాడు. కిందటేడు కూతురు ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. అల్లుడు కంచం విసిరాడట. “చల్లబడేదాకా గదిలో ఉండవే, ఎదురు చెప్పకు,” అంది ఆవిడ. అత్తగారి గొంతు తన నోట్లోకి ఎప్పుడొచ్చి కాపురం పెట్టిందో ఆవిడ గమనించుకోలేదు. ఆ తర్వాత కూతురు మళ్ళీ ఏడవలేదు. ఎప్పుడు చేసినా “బాగానే ఉన్నానమ్మా,” అనేది. హమ్మయ్య అనుకుంది ఆవిడ.

పసుపు చేపని డబ్బాలో పెట్టింది. రాళ్ళ మీద చెయ్యి వెయ్యబోతే, “ముట్టుకోకు! అవి అమర్చడానికి నాకు మూడు నెలలు పట్టింది,” అని పేపరు వెనకనుంచి ఆయన కేక. రాళ్ళు అలాగే ఉండిపోయాయి.

కలెక్టరుగారు పొద్దస్తమానం డబ్బా బయటే నిలబడ్డారు. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. లోపలిది తినడం మానేసింది. ఆవిడ వేసిన మేత డబ్బా అడుగున అలాగే తెల్లగా నానుతోంది. నాలుగోరోజు పొద్దున అది పక్కకి ఒరిగిపోయింది.

“సర్దుకుపోవడం తెలియని జాతి,” అన్నాడు ఆయన.

“పోనిద్దూ, చేపే కదా,” అంది అత్తగారు.

సాయంత్రం ఆఫీసయ్యాక ఆవిడ దుకాణానికి వెళ్ళింది. చెప్పింది విని దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు.

“ఎంత పని చేశారు తల్లీ! నేను పెట్టమన్నది కొట్టేదాన్ని! దెబ్బలు తినేదాన్ని పెడతారా ఎవరైనా? ఆ నీలందాన్ని లోపలేసి, రాళ్ళు మార్చేస్తే, బయటికొచ్చేసరికి ఇల్లు నాదే అన్న పొగరు దిగుతుంది. దీన్ని పెడితే ఏముంది? అది బయట కాపలా కాస్తుంది, ఇది లోపల హడిలి చస్తుంది. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది కదమ్మా!”

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే అక్కడున్న ఉప్పు బస్తా మీద కూలబడింది. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో ఇద్దరికీ తెలియలేదు. దుకాణదారు కంగారుపడి వలకర్ర పట్టుకుని తొట్టెల వైపు నడిచాడు.

“ఊరుకోండమ్మా, దానికేం, ఇంకోటి ఇస్తాను.”

“ఇంకొకతి లేదండీ,” అంది ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ. “నాకున్నది ఒక్కతే.”

‘ఒక్కటే’ అనబోయి తడబడింది పాపం అనుకున్నాడు దుకాణదారు.

బస్తా మీద కూచునే ఫోన్ చేసింది. అటునుంచి, అడక్కముందే, “బాగానే ఉన్నానమ్మా,” అంది కూతురు.

“ఎక్కడున్నావే?”

“గదిలో.”

ఆ గొంతు వెనక, తలుపవతల, ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చెప్పుల చప్పుడు. అటు వెళ్ళి ఆగుతోంది. ఇటు వచ్చి ఆగుతోంది.

“తిన్నావా?”

“ఆకలి లేదమ్మా.”

ఆవిడ లేచి నిలబడింది. చీరకంటిన ఉప్పు దులుపుకోలేదు.

“నేను చెప్పింది తప్పు తల్లీ,” అంది. “నేను రాగానే తలుపు తియ్యి. దారిలో ఉన్నాను.”