రెండు వేళ్ళ వదులు

పొద్దున ఎనిమిదింటికల్లా ఆయమ్మ మంచుగది తలుపు తీసేది. యూనివర్సిటీ వెనకవైపు, హెచ్ఐవీని ఆపడానికీ పూర్తిగా నయం చెయ్యడానికీ దారి వెతికే పరిశోధన కేంద్రంలో, కింది అంతస్తు గది అది. బీరువాలంత పెట్టెలు ఆరు. వాటిలో బొటనవేలంత సీసాలు వేలకొద్దీ, సీసాల్లో గడ్డకట్టిన నెత్తురు. సీసా మీద పేరుండదు, నంబరే. ఆయమ్మ కళ్ళజోడు పెట్టుకుని పెట్టెల చలి ఎన్ని డిగ్రీలో కాగితం మీద రాసేది. రెండు జతల చేతొడుగులు వేసుకుని తలుపు అంచున పేరుకున్న మంచు గీకేది. గీకుతున్నంతసేపూ సీసాల మాటలు వినేది.

అన్నీ మాట్లాడవు. జబ్బులేని నెత్తురు నోరు మెదపదు. జబ్బున్నదే సణుగుతుంది, ఆ మనిషి గొంతుతోనే, ఏ పూటకాపూట ఆ మనిషి మనసులో ఉన్నదే. బిళ్ళలు సరిగ్గా వేసుకునేవాళ్ళ సీసాలు నిద్రలో గొణుగుతాయి. ఆ మనిషే కేంద్రం గడప తొక్కితే అతని సీసా గొంతు పెంచుతుంది.

"ఏం ఆయమ్మా, నీ మంద ఇవాళ గోల చేస్తోందే?" అనేది పొడుగు నర్సు.

"ముసురు పట్టింది కదమ్మా, దిగులు. ఎండకాస్తే వాళ్ళే సర్దుకుంటారు."

పనిలో చేరిన రోజున పెద్ద మేడమ్ ఒకటే మాట చెప్పింది. "వినడం నీ తప్పు కాదు. విన్నది బయటికి మోసుకెళ్తే తప్పు." పన్నెండేళ్ళుగా ఆయమ్మ ఆ మాట దాటలేదు.

ఒక రోజు నాలుగో పెట్టెలో, అన్నాళ్ళూ మిగతా గొంతుల్లో కలిసిపోయిన నాలుగొందల పదిహేడో నంబరు గొంతు సవరించుకుంది.

ఆయమ్మ చేతిలో గీకుడుబద్ద ఆగిపోయింది. అబద్ధమాడే ముందు అలా సవరించుకునేది లోకంలో ఒక్కత్తే. రెండు వీధుల అవతల బట్టలు కుట్టుకునే తన కూతురు.

"ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది," అని మంచులోంచి కొలతలు చెబుతోంది ఆ గొంతు. కాసేపాగి, ఎవరూ వినకూడదన్నట్టు, "ఛాతీ ఒకటి," అంది.

ఒక్క అంగుళం ఛాతీ ఏ మనిషికుంటుంది? మూడో రోజుకి అది ఒకటింపావైంది. అప్పుడర్థమైంది ఆయమ్మకి. 

ఏమీ ఎరగనట్టు నర్సుని అడిగింది. "ఈ పదిహేడు ఎవరమ్మా?"

"వీధివీధికీ తిరిగే మన పరీక్షల బండిలో నెత్తురిచ్చింది. ఇచ్చిన ఫోను నంబరు తప్పుది. ఫలితానికి రెండు నెలలుగా రానే లేదు. ముఖం చూస్తే గుర్తుపడతాను గానీ ఏ వీధిలో వెతకను?"

"కడుపుతో ఉన్నవాళ్ళైతే?"

"ఎంత తొందరగా వస్తే అంత మంచిది. తల్లి బిళ్ళలు మొదలుపెడితే బిడ్డకి అంటకుండా ఆపొచ్చు, దాదాపుగా."

ఎందుకు రాలేదో ఆయమ్మకి తెలియనిదా? సీసాల మాటలు వినే అమ్మ పనిచేసే చోటు కాబట్టే రాలేదు. చెబుదామంటే మేడమ్ మాట. చెప్పకపోతే పొట్టలో పిల్ల. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రం కూతురి కొట్టుకెళ్ళి కాసేపు కూర్చుని, దారం సొరుగు మీద కళ్ళజోడు వదిలేసి వచ్చింది. నోటితో ఏమీ మోసుకెళ్ళలేదు. కళ్ళజోడు మర్చిపోవడం తప్పని ఎవరూ చెప్పలేదు మరి.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. "కాస్త తెచ్చిపెట్టవే. అది లేకపోతే డిగ్రీలు ఎలా రాయను?"

అవతల గొంతు సవరింపు. "అక్కడికా? నాకు... చేతినిండా పనుందమ్మా."

"ఈ వయసులో నా ఉద్యోగం ఊడగొట్టిస్తావా ఏం?"

పదిన్నరకి నాలుగో పెట్టె ఒక్కసారిగా కేకేసింది. "ఛాతీ ఒకటిన్నర! ఒకటిన్నర!" పెట్టె తలుపు అదిరింది. మిగిలిన సీసాలన్నీ గప్‌చుప్. పక్కగదిలోంచి పొడుగు నర్సు లేచి, "పదిహేడు వచ్చిందే!" అంటూ వరండాలోకి పరుగెత్తింది.

ఆయమ్మ బయటికి రాలేదు. మంచు గీకుతూనే ఉంది.

గంట తర్వాత కూతురు తలుపు దగ్గరికొచ్చి కళ్ళజోడు అందించింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు సవరించుకుని, "ఏం లేదమ్మా, ఎండలో వచ్చానని కూర్చోమన్నారంతే," అంది.

"మంచిపని చేశారు. నీళ్ళు తాగావా?"

ఆ వారమే భర్తని కూడా వెంటబెట్టుకొచ్చింది. నెల తిరిగేసరికి నాలుగో పెట్టెలో కొలతలు గొణుగుడైపోయాయి. జబ్బుని నిద్రపుచ్చడమే తెలుసు పై అంతస్తులో పరిశోధన చేసేవాళ్ళకి. ఎక్కడ దాక్కుని నిద్రపోతోందో కనిపెట్టి వెళ్ళగొట్టడానికి ఇంకా తంటాలు పడుతున్నారు.

పాప పుట్టింది. పరీక్ష మీద పరీక్ష అయ్యాక, ఏడాదిన్నరకి చివరిది చేశారు. ఆ సీసా లోపల పెట్టమని ఆయమ్మ చేతికే ఇచ్చారు. నాలుగో పెట్టెలో పెట్టి, చెవి ఆనించి, చెవి తమ్మె చలికి మండేదాకా విన్నది. పాప సీసా నోరు మెదపలేదు.

బయట బల్ల మీద కూతురు, ఒళ్ళో పాప. "ఏమైనా... విన్నావా అమ్మా?"

ఆయమ్మ గొంతు సవరించుకుంది. "నాకేం తెలుసే? పై నుంచి మేడమ్ వచ్చి చెబుతుంది, కూర్చో." తర్వాత పాప గౌను భుజం సర్దుతూ అంది, "బిగుతైపోయిందే ఇది. ఈసారి రెండు వేళ్ళ వదులు పెట్టి కుట్టు. పెరిగే పిల్ల."

కూతురు తలెత్తి ఆమెకేసి చూసింది. తర్వాత మెళ్ళోని టేపు తీసి పాప ఛాతీ చుట్టూ తిప్పింది. టేపు కింద రెండు వేళ్ళు దూర్చి అంకె పైకి చదివింది.