కడుగు నీళ్ళు

"నీ డ్యూటీ బట్టలు మా బట్టల్లో కలపకమ్మా, చేపల కంపు," అని పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నాకొక బకెట్ విడిగా చూపించారు. అప్పట్నుంచీ నా యూనిఫాం నేనే నానబెట్టుకుని చేత్తో ఉతుక్కుంటున్నాను. మా ఆయనదీ అదే ప్లాంటు, అదే వాసన. ఆయన బట్టలు మాత్రం ఇంటిల్లిపాది బట్టలతో కలిసి మెషీన్లో తిరుగుతాయి. ఒకసారి నవ్వుతూనే ఈ సంగతి ఎత్తాను. మగవాడు కష్టపడి వస్తే ఆమాత్రం వాసన ఉండదా అన్నారావిడ. మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

ఆ వాసన అమీన్ అనే ద్రావకానిది. పక్కనున్న ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను అది తాగేస్తుంది. దాన్ని వేడి చేస్తే తాగిందంతా కక్కేస్తుంది. అలా వచ్చిన గ్యాసును చల్లార్చి, ఒత్తి, ద్రవంగా మార్చి ట్యాంకర్లలో కూల్‌డ్రింకుల కంపెనీకి పంపుతాం. అయితే గ్యాసు ఒంటరిగా రాదు, ద్రావకాన్ని కాస్త వెంటబెట్టుకుని వస్తుంది. అందుకని ఒక పొడుగాటి టవర్లో దానికి నీళ్ళతో స్నానం చేయిస్తాం. ఆ గ్యాసు జనం గొంతుల్లోకి దిగేది. అది శుభ్రమయిందో లేదో చూసి, ట్యాంకర్‌ను వదలాలో వద్దో చెప్పడమే నా ఉద్యోగం. మా ఆయన ప్లాంటు మేనేజరు.

ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే సీసాలోని నీళ్ళలోకి కాస్త గ్యాసు వదిలి, ఆ నీళ్ళు వాసన చూశాను. చేపల కంపు కొట్టింది. సీసా మార్చి చూశాను. మళ్ళీ అదే. నిజానికి నాకు ముందొచ్చిన అనుమానం నా ముక్కు మీదే. పొద్దున బట్టలు ఉతికిన చేతులు కదా, వాటిదేనేమో అనుకున్నాను. చేతులు సబ్బుతో తోముకుని మళ్ళీ వచ్చాను. ఇంట్లో నేనేం చెప్పినా "నీకలా అనిపిస్తుందిలే" అనేవాళ్ళు. వినీ వినీ ఆ మాట ఇప్పుడు నా గొంతుతోనే నాకు వినిపిస్తోంది. ఒకప్పుడు కడుపులో పోట్లు వస్తున్నాయంటే తిన్నదరగలేదు, అలా అనిపిస్తుంది, పడుకో అన్నారు. పడుకున్నాను. అపెండిక్స్ పగిలాక ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు కేకలేస్తే, "ముందే చెప్పి ఉండాల్సిందండీ ఈవిడ," అన్నారు మా ఆయన, నా పక్కనే నిలబడి.

మూడోసారి కూడా సీసా కంపే కొట్టింది. టవర్ దగ్గరికి వెళ్ళాను. కొత్త నీళ్ళ వాల్వు దాదాపు మూసేసి ఉంది. నీళ్ళు ఆదా చెయ్యమన్నారని పాతనీళ్ళనే తిప్పి తిప్పి వాడుతున్నారు. మురికి నీళ్ళతో ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభం?

మీటింగులో విషయం చెప్పాను. ట్యాంకర్లు ఆపి, టవర్ నీళ్ళు మొత్తం మార్చాలన్నాను. గ్యాసు శుభ్రత చూపే మీటరు బాగానే చూపిస్తోంది కదా అన్నారు మా ఆయన. నిన్న ప్లాంటు ఆపినప్పుడు కూడా ఆ మీటరు అదే అంకె చూపించింది, అది పాడైంది అన్నాను. ఆయన అందరి వైపూ చూసి నవ్వారు.

"మేడమ్ గారికి ఇంట్లో కూడా అంతే. అన్నిట్లోనూ వాసనే వస్తుంది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా తర్వాత చేరి, నా దగ్గరే పని నేర్చుకున్న ఇంజనీరు కూడా కిందికి చూస్తూ నవ్వాడు. నేనూ ఓ నవ్వు నవ్వేసి కూర్చోవచ్చు. ఇన్నేళ్ళూ చేసింది అదే. కానీ లేచి బయటికి నడిచాను.

ట్యాంకర్ అప్పటికే వచ్చి నిలబడింది. మేం ముద్దుగా పెద్దాయన అని పిలిచే ఆపరేటరు గొట్టం బిగిస్తున్నాడు. వాల్వు తిప్పొద్దన్నాను. పెద్దాయన చెయ్యి తీసేసి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. మా ఆయన వస్తున్నారు.

దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. చుట్టాల మధ్య నా చెయ్యి నొక్కి మాట్లాడే గొంతు అది.

"పదిమందిలో నా పరువు తియ్యకు. ముందు ట్యాంకర్ వదులు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

వాల్వు చక్రం గట్టిగా పట్టుకున్నాను. ఈ ఉద్యోగం పోవచ్చు. అంతకన్నా, ఈ రాత్రి నుంచి ఇంట్లో మొదలయ్యే మౌనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది గిన్నెల చప్పుడులో వినిపిస్తుంది, మా పాప చేత కబుర్లు పంపిస్తుంది.

"ఇంటికెళ్ళాక మీరు మాట్లాడతారు, నేను వింటాను. మాట్లాడుకోవడం అక్కడ ఎప్పుడూ జరగలేదు. ఇక్కడే చెప్పండి. ఈ గ్యాసు మన పాపకి తాగిస్తారా?"

మా ఆయన పెద్దాయన వైపు తిరిగి వాల్వు తిప్పమన్నారు. పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మగారు సరే అనకుండా తిప్పితే నా మెడకి చుట్టుకుంటుంది సార్," అన్నాడు.

అది నా మీద గౌరవమో, తన మెడ మీద ప్రేమో నాకు తెలియదు. ఏదైతేనేం, ట్యాంకర్ ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

నేను సరే అనేదాకా మరో ట్యాంకర్ నిండదని తేలాక, మధ్యాహ్నం టవర్ నీళ్ళు వదిలేయడం మొదలుపెట్టారు. టీ రంగులో నురగలు కక్కుతూ వచ్చాయి. పొద్దున నవ్విన వాళ్ళంతా రుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. సాయంత్రం కూల్‌డ్రింకుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే, జాగ్రత్త కోసం మేమే ఆపామండీ అని మా ఆయన చెప్పడం వినిపించింది. ఆపింది నేనండీ అని నేనూ గట్టిగా అన్నాను, అవతలి వాళ్ళకి వినబడేలా.

డ్యూటీ దిగే వేళకి ఆయన కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

"ఎక్కు," అన్నారు.

"మీరు వెళ్ళండి. కొత్త నీళ్ళు పట్టాక గ్యాసు ఎలా ఉందో చూసి షిఫ్టు బస్సుకి వస్తాను. పాపకి రేపు పరీక్ష, చదివించండి. వంట కూడా మొదలుపెట్టండి."

"వంటా? నేనా?"

"అవునండీ. ఇవాళ్టి నుంచి ఒక రోజు మీరు, ఒక రోజు నేను."

బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలో అడగబోయినట్టున్నారు. అప్పటికే నేను టవర్ మెట్లెక్కుతున్నాను.