మోచేతి ఎత్తు బల్ల

నా భార్య బల్ల కాళ్ళు నా కొడుకు కోయించాడు. ఇందులో రెండో మాటకు తావు లేదు.

ఆమె బట్టలు కుట్టేది. నేను వడ్రంగిని. పెళ్ళయిన కొత్తలో గుడ్డ కత్తిరించడానికి బల్ల కావాలంది. కొన్న బల్ల మీద వంగి వంగి పనిచేస్తే నడుము పోతుంది. అందుకని ఆమెను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి మడవమని, మోచేతి కింద పెన్సిలు గీత పెట్టాను. ఆ గీతకు నాలుగు వేళ్ళు తగ్గించి కాళ్ళు కోశాను. గీత ఉన్న గోడ అద్దింటిది. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టారు. కొలత నేనెక్కడా రాసుకోలేదు. బల్ల ఎదురుగా ఉండగా రాసుకోవడం దేనికి?

చివరిదాకా దాని దగ్గర నిలబడే పనిచేసింది. ఒక్కనాడూ నడుము నొప్పి అనలేదు. గుండె ఆగి పోయింది. దానికి నేను చేయగలిగిన బల్ల లేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆ గదిలోకి వెళ్ళి బల్ల అంచు మీద చెయ్యి వేసి నిలబడేవాణ్ణి. ఆమె మోచెయ్యి ఇక్కడికి నాలుగు వేళ్ళ పైకి వచ్చేదని తెలిసేది. ఫొటోలు ఉన్నాయి. ఫొటోలో మనిషి ఎత్తు తెలియదు.

కొడుక్కి పెళ్ళి కుదిరింది. కోడలికి జపాన్ వాళ్ళ పద్ధతులంటే ఇష్టం. రిసెప్షన్లో ఆర్భాటం వద్దు, అక్కడక్కడా ఆ ఛాయ కనిపిస్తే చాలంది. కుండీకి ఒక్క కొమ్మ, కాగితపు దీపాలు, ఒక మూల పొట్టి బల్ల, చుట్టూ మెత్తలు. నాతో చెబితే పొట్టి బల్ల ఒక్క పూటలో చేసి ఇచ్చేవాణ్ణి. చెప్పలేదు. నన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. పెళ్ళి పనుల మీద తిరుగుతూ ఆ వారం నేను ఆ గదిలోకి వెళ్ళలేదు.

హాల్లో అడుగుపెట్టగానే ఆమె బల్లను గుర్తుపట్టాను. కత్తెర గీతలు, ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. కింద జానెడు కాళ్ళు. చుట్టూ బాసింపట్టు వేసుకుని చుట్టాలు టీ తాగుతున్నారు. మా బావమరిది మెత్తలో కూరుకుపోయి, "నన్ను లేపాలంటే ఇంకో రిసెప్షన్ పెట్టాలి బావా" అన్నాడు. అందరూ నవ్వారు. వియ్యంకుడు అరచేత్తో బల్లను తట్టి, జపాన్ వాళ్ళు పాత వస్తువులను ఎంతో గౌరవిస్తారని చెప్పుకొచ్చాడు. కాళ్ళు నరికి కూలేయడం ఏ దేశపు గౌరవమో చెప్పలేదు.

కొడుకుని పక్కకు పిలిచాను. కోసిన కాళ్ళేవని అడిగాను. కోసినవాడే పట్టుకుపోయాడట, పొయ్యిలోకి.

"ఇవాళ అమ్మ కూడా మనతో ఉన్నట్టుంటుందని తెచ్చాం నాన్నా."

"మీ అమ్మ దీని దగ్గర ఒక్కనాడూ కూర్చోలేదురా."

"పోనీ, వేరే కాళ్ళు పెట్టెయ్. నీకదెంత పని?"

"ఎంత ఎత్తు పెట్టను?"

వాడు చెయ్యి చాపి తన నడుము దగ్గర పెట్టాడు. కాస్త దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఆ చెయ్యి అలా గాలిలోనే ఉండిపోయింది. అప్పుడు వాడికి అర్థమైంది. అర్థమై లాభం లేదు.

కోడలు వచ్చింది. వాడి మొహం చూసి సంగతి కనిపెట్టింది.

"తప్పయిపోయింది మామయ్యా. ఆవిణ్ణి నేను చూడను కూడా లేదు. నాకేం తెలుసు?"

"తెలియనప్పుడే అడగాలమ్మా" అన్నాను. పిల్ల కొత్త బట్టల్లో నిలబడి ఏడ్చింది. ఓదార్చలేదు.

మర్నాడు బల్లను ఇంటికి తెచ్చాను. కొత్త కర్ర కొని చిత్రిక పట్టాను. ఆమె నా ఎదుట చెయ్యి మడిచి నిలబడినట్టు అనుకుని, గోడ మీద గీత పెట్టాను. తెల్లారి చూస్తే అది మరీ పైకి ఉన్నట్టనిపించింది. చెరిపి ఇంకోటి పెట్టాను. అదీ కాదు. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి నా భుజం దాకా వచ్చేదో, చెవి దాకా వచ్చేదో తేల్చుకోలేకపోయాను. గోడ నిండా గీతలే మిగిలాయి. అందులో ఏదో ఒకటి ఆమెదై ఉండవచ్చు. ఏదో నాకు తెలియదు.

కర్రను మూలన పడేశాను.

కొడుకూ కోడలూ సెలవురోజున వస్తారు, తింటారు, పోతారు. పోయినసారి వాడు "నాన్నా, ఆ బల్ల..." అని ఎత్తబోయాడు. మంచినీళ్ళు కావాలా అని అడిగాను.

ఇదొక్కసారి చెప్పాను. ఇక వాడు అడిగినా, వాడి పిల్లలు పుట్టి అడిగినా, ఈ సంగతి నా నోట రాదు.