పుట్టింటి మిరప

పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో జగ్గమ్మకు ఇంకా మిగిలింది మిరప విత్తనం ఒక్కటే. పెళ్లయిన ఏడాది తల్లి కొంగున కట్టి పంపింది. నలభై ఏళ్లుగా ఏటా పండుకాయలు ఎండబెట్టి, గింజలు బూడిదలో కలిపి కుండలో దాస్తోంది. హుద్‌హుద్ తుఫానుకు పెరడంతా ఊడ్చుకుపోయినా ఆ కుండ అటక మీద భద్రంగా ఉండిపోయింది. పొందూరు సంతంతా వెతికినా అంత కారం దొరకదని ఆవిడ గొప్ప. తిన్నవాళ్లెవరూ కాదనలేదు, మాట్లాడే స్థితిలో ఉంటే కదా!

ఈ ఏడు కోడలు పద్మకుమారి ఆ మిరప మడి పక్కనే ఆరు క్యాప్సికం మొక్కలు వేసింది. నాలుగేళ్ల మనవరాలు హర్షిత ఏ కూర పెట్టినా మొహం తిప్పుకుంటుంది కానీ, క్యాప్సికం వేపుడైతే గిన్నె నాకేస్తుంది. మిరప అని పేరు పెట్టుకుని కారం లేకపోవడమేమిటని జగ్గమ్మ మొదట్లో నవ్వింది. పూత వచ్చాక పక్కింటి గున్నమ్మ ఒక మాట అనిపోయింది. తేనెటీగలు దాని పుప్పొడి దీనికి అంటిస్తాయట, ఇక జగ్గమ్మ మిరపకాయలు చప్పబడిపోతాయట. మర్నాడు పద్మ పాలకేంద్రానికి వెళ్లగానే జగ్గమ్మ ఆరు మొక్కలూ పీకి గోడవతల పారేసింది.

తిరిగొచ్చిన పద్మ ఖాళీ మడి చూసింది. గొడవ చేయలేదు. వచ్చి అత్త పక్కన కూర్చుని, గున్నమ్మ మాటలో సగమే నిజమని చెప్పింది. నెల్లిమర్లలో వాళ్ల నాన్న రెండు రకాలూ పక్కపక్కనే పెంచేవాడు. పక్కన ఏమున్నా ఈ ఏటి కాయకు కారం తగ్గదు. తేడా వచ్చేది గింజలో, అదీ వచ్చే ఏడు వేసినప్పుడు.

"ఇత్తనానికి ఒక్క సెట్టు సాలత్తా. మొగ్గలమీద పల్చటి గుడ్డసంచి కట్టేస్తే ఈగ వాలదు. అడిగుంటే నానే కడుదును కదా."

పద్మ కాపురానికి వచ్చి ఆరేళ్లు. ఏది ఎక్కడ నాటాలో, కూరలో ఉప్పు ఎంత వేయాలో జగ్గమ్మ చెప్పడమే తప్ప ఆ పిల్లను ఏదైనా, ఒక్కసారైనా అడిగిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గింజ పోతుందన్న భయంతో మనిషిని నొప్పించానని సిగ్గుపడింది.

లేచి గోడవతలికి వెళ్లింది. నాలుగు మొక్కలు అప్పటికే ఎండకు మాడిపోయాయి. నీడన పడ్డ రెండింటి వేళ్లకు ఇంకా తడి మట్టి ఉంది. వాటిని తెచ్చి, అలవాటుగా ఒక మూల చూపించబోయి ఆగింది.

"ఎక్కడ నాటమంటావే పద్మా?"

పద్మ అత్త చేతుల వంక చూసింది.

"ముందున్న సోటే నాటెయ్యత్తా."

జగ్గమ్మ తన మిరప పక్కనే గొయ్యి తవ్వింది.