తడి తరుగు

కళింగపట్నం ఒడ్డున తెరచాప పడవలు నడపడం నేర్పే కేంద్రానికి తొమ్మిది చిన్న పడవలు, ఒక పెద్ద పడవ, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. మనుషుల్ని తూచే యంత్రం మాత్రం లేదు. అందుచేత నెలాఖరు శనివారం శిక్షణ ముగియగానే పిల్లలందరూ తడిబట్టలతోనే పక్కనున్న చేపల వేలం అరుగు దాకా నడిచి, గంపల వెనక వరసలో నిలబడి, ఒకరి తరువాత ఒకరు చేపల కాటా ఎక్కేవారు. కాటాలో అంకె వెలిగే అద్దం తూచేవాడి వైపే ఉంటుంది. ఆ వైపు కూర్చునే కొండబాబు అంకెను కేకవేసి చెప్పేవాడు. శిక్షకుడు భాస్కర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఈవల నిలబడి, విన్నది నోటుపుస్తకంలో రాసుకునేవాడు. పందొమ్మిదేళ్ళ ఆడపిల్ల బరువును రేవంతటికీ చాటడం తప్పన్న ఊహ ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ కలగలేదు.

విశాలికి ఆ అంకెతో పని ఉంది. చిన్న పడవలో ఆమె నాలుగేళ్ళు గడిపింది. ఇప్పుడు అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆ తరగతి పోటీలకు ఆమె వయసు ఎప్పుడో దాటిపోయింది. పెద్ద పడవలోనూ కూర్చునేది ఒక్కరే. అయితే దాని తెరచాప కొయ్య బారెడు ఎక్కువ పొడుగు, తెరచాప దాదాపు ఒకటిన్నర రెట్లు. యాభై ఐదు కిలోలు లేనివారికి పోటీలో ఆ పడవ ఇవ్వరాదని భాస్కర్ తానే నిబంధన రాసి గోడకు అంటించాడు. జనవరిలో విశాఖపట్నం పోటీకి వెళ్ళేది ఆ పడవా, దానికి ఎంపికైన ఒక్క మనిషీ. ఇరవై నిండినవారికి కేంద్రంలో చోటు లేదు. విశాలికి ఫిబ్రవరిలో ఇరవై నిండుతాయి.

విశాలి వాళ్ళది శ్రీకూర్మం. స్వామి కొలువులో తరతరాలుగా పాడిన కుటుంబం. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు గడప దాటి వచ్చి ఎరగదు.

"పులిహోర తిని సముద్రం మీదకొస్తే ఇంతే మరి," అనేవాడు భాస్కర్ అందరిముందూ. "ఈ పిల్ల ఎంత తేలికంటే, గాలొస్తే తెరచాప కన్నా ముందు ఇదే ఎగిరిపోతాది."

అదే మనిషి గాలి మందంగా ఉన్న రోజున ఆమె అందరికన్నా ముందు సముద్రంలో గురిగా తేలేసిన డబ్బా చుట్టి వస్తే, "తేలిక కదా, అందుకే," అనేవాడు. తేలిక అన్న ఒక్క మాటతో ఆమె గెలుపునూ ఓటమినీ కూడా కొట్టిపారేసే సదుపాయం అతనికి ఉండేది.

డిసెంబరు మొదటి వారం నుంచి పోటీకి పేరిచ్చిన వారందరికీ పెద్ద పడవ తలా ఐదు రోజులు ఇచ్చారు. విశాలి ఆ ఐదు రోజులనూ పరీక్ష పుస్తకంలా చదివింది. భాస్కర్ చెప్పినవి మూడు. ఈదురుగాలి వచ్చాక వంగితే లాభం లేదు. నీటి మీద గాలి నల్లని మచ్చలా పరిగెత్తుకుంటూ రావడం చూసి ముందే పడవ అంచు మీంచి బయటికి వెల్లకిలా వంగాలి. తెరచాప ముందంచు తాడును బలంకొద్దీ బిగించి, గుడ్డలో పొట్ట లేకుండా చెయ్యాలి. పడవ ఒరగబోతే చేతిలోని తాడు గుప్పెడు వదిలి, నిటారు కాగానే మళ్ళీ లాగాలి. మిగిలిన రెండూ ఆమె ఒంటరిగా కనిపెట్టినవి. గాలి బాగా ముదిరినప్పుడు పడవ అడుగున దిగేసే పలకను నాలుగు వేళ్ళ మందం పైకి తీస్తే ఒరుగు తగ్గుతుంది. అల ఎక్కేటప్పుడు ముక్కును గాలి వైపు, దిగేటప్పుడు ఆవలికి తిప్పితే అల పడవను ఆపదు. ఐదు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా బోల్తా పడలేదు. ఆమెతోపాటు పేరిచ్చిన త్రినాథ్, అరవై ఒక్క కిలోలవాడు, రెండుసార్లు పడ్డాడు.

కాని గోడ మీది కాగితంలో బోల్తాల సంగతి లేదు.

తల్లి జగదీశ్వరి సంగీతం టీచరు, మంకుపట్టు మనిషి. కూతురి కంచంలో నెయ్యి గరిటెతో వేసేది. మినపసున్ని, నువ్వుండలు, పెరుగన్నంలో అరటిపండు. విశాలి కడుపు నొప్పెట్టేదాకా తినేది. అక్టోబరులో కొండబాబు యాభై ఒకటి అన్నాడు. నవంబరులో యాభై రెండు. డిసెంబరు ఆఖరి శనివారం, యాభై మూడు.

"తిన్నదంతా ఎక్కడికి పోతున్నాదే?" అంది ఆ రాత్రి జగదీశ్వరి, ఖాళీ నేతి గిన్నె కేసి చూస్తూ.

"ఏమో అమ్మా. నా ఒళ్ళే నన్ను మోసం చేస్తోంది."

అప్పటికే భాస్కర్ పోటీకి వెళ్ళేవారి పేరు ఫోనులో పంపేశాడు. త్రినాథ్.

సోమవారం విశాలి షెడ్డులో వదిలేసిన చేతి తొడుగులు తెచ్చుకోవడానికి వెళ్ళింది. వేలం అరుగు దగ్గర చేపలమ్మే దేముడమ్మ కొండబాబుతో గొడవ పడుతోంది.

"నా కాడ పదిహేడున్నాది. పదిహేనంటావేట్రా? నీ కాటా తాగొచ్చినాదేటి?"

"తడి తరుగే, అప్పా. సరుకు తడిగుంటే రెండు కేజీలు తీసేత్తాను. కొత్తేటి?"

"తడి కనిపిస్తాది గానీ నా కట్టం కనపడదేటి నీకు?"

విశాలి ఆగిపోయింది. కాటా దగ్గరకు నడిచింది.

"బాబాయ్, నన్ను తూచినప్పుడు కూడా తీసేశావా?"

కొండబాబు తెల్లబోయి చూశాడు. "నువ్వూ తడిసే వస్తావు గదమ్మా. సేపలకొకలాగ, నీకొకలాగ తూస్తానేటి? నాకు పచ్చపాతం నేదు."

మూడు నెలలు. యాభై మూడు, యాభై నాలుగు, యాభై ఐదు. ఆమె ఒళ్ళు ఎవరినీ మోసం చెయ్యలేదు.

షెడ్డులో భాస్కర్ టీ తాగుతున్నాడు. అంతా విని, గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు, "తడిబట్టకు బరువుండదా మరి?"

"ఆ బట్ట పావుకిలో నీరు కూడా పట్టదు సార్. ఇప్పుడు పొడిగా ఉన్నాను. తూచండి."

కాదనడానికి కారణం దొరక్క అతను లేచాడు. విశాలి చెప్పులు విప్పి కాటా ఎక్కింది. కొండబాబు అద్దం కేసి చూసి, గొంతెత్తి, "యాబైమూడూ నాలుగొందలు!" అని కేక వేశాడు. భాస్కర్ నోటుపుస్తకం తెరిచాడు.

అవతల గంప సర్దుకుంటున్న దేముడమ్మ వంగి అద్దంలోకి చూసింది.

"ఓలమ్మ! యాబై అయిదని ఎర్రగా ఎలుగుతంటే మూడంటాడేటి ఈడు! ఒరే కొండబాబు, ఆ పిల్ల ఎండు సేపలాగ పొడిగున్నాది గదరా, ఏ తడి తీసేసినావు?"

కొండబాబు నాలిక కరుచుకున్నాడు. "అలవాటైపోనాదే..."

భాస్కర్ రుమాలు అడ్డం పెట్టుకుని, మూడు నెలల్లో మొదటిసారి అద్దం ఉన్న వైపుకు నడిచాడు. యాభై ఐదు, నాలుగు వందలు. చాలాసేపు చూశాడు. పుస్తకంలో పాత అంకెను రెండు గీతలతో కొట్టేసి, పైన కొత్త అంకె వేసి, పక్కన పొడి అక్షరాల సంతకం చేశాడు. ఆ పనిలో లోపమేమీ లేదు.

"మరి పేరు సార్?"

"పేరు వెళ్ళిపోయింది కదా."

"పోటీకి ఇంకా పదకొండు రోజులున్నాయి. మార్చమని రాయొచ్చు."

"ఏమని రాయమంటావు? పిల్లల్ని చేపల కాటా మీద తూచామని, మూడు నెలలూ తప్పు తూచామని రాయమంటావా? కేంద్రం పరువేం కావాలి?" అతను పుస్తకం మూశాడు. తరువాత, దయగా ఉండాలనుకున్నాడు కాబోలు, నవ్వాడు. "వచ్చే ఏడాది చూద్దాంలే. అప్పటికి ఇంకో రెండు కిలోలు పెరుగు."

ఆమె వయసు అదే పుస్తకంలో, అదే పేజీలో, ఆమె పేరు పక్కనే ఉంది.

పెద్ద పడవను బండి మీదకు ఎక్కించిన రోజున విశాలి వెళ్ళింది. వెళ్ళనక్కరలేదు, ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. త్రినాథ్ అరసవల్లి కుర్రవాడు, ఆమె కన్నా ఏడాది చిన్న, చెడ్డవాడు కాదు. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఆమె దగ్గరకు వచ్చాడు.

"ఇది నీ పడవే, అక్కా. నాకు తెలుసు," అన్నాడు. ఆ సంగతి అతను భాస్కర్‌తో మాత్రం అనలేదు.

ఆమె బండి మీది పడవకు కట్టిన తాడు ముడి సరిచూసింది.

"ఒక్క మాట సెప్పక్కా. గాలి ముదిరితే నువ్వేటి సేస్తావు? నన్ను రెండుసార్లు తిరగేసీసినాది. నిన్నొక్కసారీ పడేనేదు."

విశాలి సముద్రం కేసి చూసింది. దూరాన నీటి మీద నల్లని మచ్చ ఒకటి ఒడ్డు వైపు కదులుతోంది.

"ఈదురు రాకముందే వంగు. ముందంచు తాడు బాగా బిగించు. ఒరగబోతే చేతి తాడు గుప్పెడు వదిలి, మళ్ళీ లాగు."

అతను ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మూడో వేలు దగ్గర ఆగి, నాలుగోదాని కోసం ఎదురు చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

త్రినాథ్ సంతోషంగా ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, బండి వైపు పరిగెత్తాడు. అతని చేతి తడి ఆమె అరచేతికి అంటింది. విశాలి దాన్ని చున్నీకి తుడుచుకుని, శ్రీకూర్మం వెళ్ళే ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది.